మూడు వేసవుల అమానతు

మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి జల్లుతో నేల మెత్తబడగానే మా పాలమూరు పల్లెల్లో రైతులు విత్తనాలు సిద్ధం చేసుకుంటారు. అదే వారంలో మా మదరసా కొట్టులో నుంచి గడ్డపారలు, పారలు, తట్టలు బయటకు వస్తాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం ప్రారంభించిన ఏడు మొదలు ప్రతి వానాకాలంలోనూ మొక్కలు నాటే ఒక చిన్న జట్టును నడిపే బాధ్యత నాపై ఉంది. పాతిక మంది పెద్ద విద్యార్థులు, నలుగురు కూలీలు, ఒక నీళ్ల ట్యాంకరు - ఇదీ మా దండు. ఈద్గాహ్ చుట్టూ, ఖబరస్తాన్ ప్రహరీ వెంట, మదరసా ఆవరణలో, ఊరి బాటకు ఇరువైపులా మేము మొక్కలు నాటుతాము. ఈ పని నాకు నేర్పిన ఒక సత్యాన్ని పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చెట్లు నాటడం గురించి దైవప్రవక్త (స) బోధనల్లో రెండు హదీసులు ప్రసిద్ధమైనవి. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి గాని, వేసిన పైరు నుంచి గాని మనిషో, పక్షో, పశువో తింటే అది అతని పక్షాన సదఖాగా పరిగణింపబడుతుందన్నది మొదటిది. ప్రళయం ముంచుకొచ్చే వేళ చేతిలో ఒక మొక్క ఉంటే, వీలైనంత వరకు దాన్ని నాటివేయమన్నది రెండవది. పిల్లలకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి బోధిస్తాను. రెండవ హదీసు ఫలితం కనిపించకపోయినా పని మానవద్దని చెబుతోంది. మొదటి హదీసు ఆ పుణ్యధార ఎక్కడి నుంచి ప్రవహిస్తుందో చెబుతోంది: తినే నోటి నుంచి, వాలే పక్షి నుంచి. మొక్క ఎండిపోతే పక్షి ఎక్కడ వాలుతుంది? సంకల్పశుద్ధికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంటుంది, సందేహం లేదు. మొలిపించేవాడు కూడా ఆయనే. కాని ఆ రెండింటి మధ్య నీరు పోయడం, కంచె కట్టడం, కనిపెట్టి ఉండడం అనే పని ఒకటుంది. అది మనకు అప్పగింపబడిన అమానతు.

నాటే పనికి ఒక క్రమం ఉంది. గుంతలు వానలకు ముందే తవ్వి ఉంచాలి. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని మరొక పక్క పోయాలి. నాటేటప్పుడు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి ముందుగా వేళ్లకు అందేలా వేయాలి. సంచిని బ్లేడుతో నిలువుగా కోసి, మట్టిగడ్డ చిట్లకుండా మొక్కను దించాలి. తొందరలో సంచితోనే పాతేస్తే వేళ్లు లోపలే చుట్టుకుపోయి మొక్క ఎదగదు. చుట్టూ పాదు చేసి, ఊతకర్ర నాటి, చివరగా తుమ్మకంప కట్టాలి. మా ఊళ్లో మొక్కకు ఎండ తరువాతి శత్రువు మేక. కంప లేని మొక్క ఒక్క పూటలో మోడుగా మారుతుంది.

జట్టును నడపడమంటే ఆజ్ఞలు ఇవ్వడం కాదు, ఎవరి శక్తి ఎంతో ఎరగడం. బలమైన కుర్రవాళ్లకు గడ్డపార, ఓపిక గలవాళ్లకు సంచి కోసే పని, చిన్నవాళ్లకు నీళ్ల చెంబు. 2015, 2016 సంవత్సరాల్లో రంజాను నెల సరిగ్గా వానాకాలపు తొలి రోజుల్లోనే వచ్చింది. అప్పుడు ఫజ్ర్ నమాజు కాగానే పని మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ఆపేసేవాళ్లం. ఉపవాసంలో ఉన్నవాడి చేత మధ్యాహ్నం గుంత తవ్వించడం పుణ్యకార్యం కాదు, నిర్దయ. కూలీల లెక్క ఆ సాయంత్రమే తేలాలన్నది మరొక నియమం. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధను తరగతి గదిలో వంద సార్లు వివరించవచ్చు. అస్ర్ తరువాత పిల్లల ఎదుట కూలి లెక్కపెట్టి ఇస్తే అది ఒక్కసారితోనే వారి మనసుల్లో నాటుకుంటుంది.

ఖబరస్తాన్‌లో మొక్కలు నాటాలన్నప్పుడు మహల్లా పెద్దాయన ఒకరు అభ్యంతరం చెప్పారు. "మౌల్సాబ్, వేళ్లు పోయి ఖబ్ర్‌లను పెకలిస్తాయి. మా అబ్బాజాన్ అక్కడే ఉన్నారు" అన్నారు. ఆయన గొంతులో కోపం కన్నా దుఃఖమే ఎక్కువ. ప్రవక్త (స) రెండు సమాధులపై పచ్చి ఖర్జూరపు మట్టను చీల్చి నాటిన హదీసును నేను ఆయనకు ప్రమాణంగా చూపలేదు. అది ఆ సందర్భానికే ప్రత్యేకమా, అందరికీ వర్తిస్తుందా అన్న విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. వాదనలో గెలవడానికి హదీసును వాడుకోకూడదు. "చాచా, మీరే నడిచి చోటు చూపండి. మీరు వద్దన్న చోట గడ్డపార దిగదు" అన్నాను. ఆయన చేతికర్రతో గీత గీస్తూ నడిచారు. రావి, మర్రి వద్దనుకున్నాం. వాటి వేళ్లు గోడలనే చీలుస్తాయి. ప్రహరీ వెంట వేప, కానుగ, మూలన నాలుగు నేరేడు. అది వక్ఫ్ భూమి గనుక ముతవల్లీ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాం. చెట్లు నాటింది మేమే అయినా అవి వక్ఫ్‌కే చెందుతాయనీ, మాకు వాటిపై ఏ హక్కూ లేదనీ అందులోనే రాసుకున్నాం. నేడు జనాజా వెంట వచ్చినవారు ఆ వేపల నీడలోనే నిలబడుతున్నారు. గీత గీసిన ఆ పెద్దాయన కూడా ఇప్పుడు ఆ నేలలోనే విశ్రమిస్తున్నారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక!

నీటి సంగతికి వస్తాను. మా మదరసాలో 60 మంది విద్యార్థులు ఉన్నారు. ఒక్కొక్కరు వుజూకు రెండు లీటర్లే వాడినా, అయిదు పూటలకు కలిపి రోజుకు 600 లీటర్లు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు లోపు నీటితో, వుజూ చేసేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. కనుక మొదటి పాఠం కుళాయి సన్నగా తిప్పడం. రెండవది, వుజూఖానా నుంచి ఒక చిన్న కాలువ తీసి ఆ నీటిని మొక్కల పాదులకు మళ్లించడం. అంతకు ముందు మురికికాలువలో కలిసిన నీరు ఇప్పుడు జామ, ఉసిరి, కరివేపలకు చేరుతోంది.

అయితే కొన్నేళ్లుగా ఒక పెద్ద చిక్కు ఎదురయింది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల రంజాను ఏటేటా వెనక్కి జరుగుతూ 2022 నాటికి ఏప్రిల్‌కు, 2024 నాటికి మార్చికి చేరింది. మదరసాలకు షాబాన్ చివరి నుంచి షవ్వాల్ తొలి రోజుల వరకు సెలవులు. అంటే ఎండలు ముదిరి మొక్కలు దాహంతో అల్లాడే వారాల్లోనే పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. కుళాయిలు ఆగుతాయి, కాలువ ఎండుతుంది. జూలైలో పాతిక జతల చేతులు ఉంటాయి. మార్చిలో నేనూ, మసీదు ముఅజ్జిన్ గారూ మాత్రమే మిగులుతాం. ఇక ఈద్గాహ్ దగ్గరి మొక్కలకు బిందెలతో మోయవలసిందే.

అప్పుడే నాకు అర్థమయింది: జట్టు నాయకుడి అసలు పని జట్టు ఉన్న రోజున కాదు, జట్టు చెదిరిన తరువాత ఎవరు మిగులుతారో ముందే ఏర్పాటు చేయడం.

ఆ ఏర్పాటు మా మహల్లా ఇళ్ల నుంచే వచ్చింది. ఒక శుక్రవారం జుమా తరువాత విన్నపం చేశాను: "ఇంటికి ఒక్క మొక్క. వారానికి రెండు బిందెలు. మూడు వేసవులు." మగవాళ్లు తలలూపారు. పని మాత్రం ఇళ్లలోని తల్లులు, అమ్మమ్మలు అందుకున్నారు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు సబ్బు కలవకుండా ఒక బకెట్టులో పట్టి, ఇఫ్తారుకు ముందు పిల్లల చేత మొక్కలకు పంపారు. బీడీలు చుట్టి బతికే ఒక వితంతు సోదరి తన ఇంటి ముందున్న నేరేడుకు పాత చీర చుట్టి మేకల నుంచి కాపాడింది. మా పొరుగు రైతు ఒకాయన, "మౌల్సాబ్, చెట్టుకు మతమేముంది, మా బోరు నీళ్లు రెండు డ్రమ్ములు పట్టుకుపోండి" అన్నాడు. ఆ వేసవి ఆ నీళ్లే ఈద్గాహ్ మొక్కలను నిలబెట్టాయి.

ఏటా తొలకరికి ముందు ఒక రిజిస్టరు పట్టుకొని పిల్లలతో కలిసి తిరుగుతాను. నాటినవెన్ని, బతికినవెన్ని అని రాస్తాము. ఎండినదాన్ని బతికినదిగా రాయడం అబద్ధమే. మొక్క విషయంలో అబద్ధం రాసినవాడు రేపు జకాత్ లెక్కలోనూ రాస్తాడు. ఎండిన చోట ఎందుకు ఎండిందో ఒక పదం రాస్తాము: మేక, నీరు, చెదలు. ఆ గుంతలోనే మళ్లీ నాటుతాము.

ఈ సందర్భంలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గాథ గుర్తుకు రాకమానదు. బానిసత్వం నుంచి విడుదలకు యజమాని కోరినది 300 ఖర్జూర మొక్కలు, 40 ఊఖియాల బంగారం. మీ సోదరునికి తోడ్పడండని ప్రవక్త (స) తన సహచరులను కోరారు. ఒకరు ముప్పై, ఒకరు ఇరవై, ఒకరు పది - ఎవరికి తోచినన్ని మొక్కలు వారు తెచ్చారు, గుంతలు తవ్వడంలో సాయపడ్డారు. ప్రవక్త (స) స్వయంగా వచ్చి తమ చేతులతో ఒక్కో మొక్కను నేలలో నిలిపారు. ఒక్కటి కూడా చావలేదని సల్మాన్ (రజి) చెప్పుకున్నారు. ఒక మనిషి స్వేచ్ఛ ఆ మొక్కలు బతకడంపై ఆధారపడి ఉండింది. పది మొక్కలు తెచ్చినవారి వంతు లేకుండా మూడు వందలు పూర్తయ్యేవి కావు.

సోదర సోదరీమణులారా! ఈ వానాకాలం మీ ఇంటి ముందో, మసీదు పక్కనో ఒక్క మొక్క నాటండి. వంద నాటి మరచిపోయే కన్నా ఒక్కటి నాటి మూడు వేసవులు కాపాడడం మేలు. దానికి నీరు పోసే బాధ్యత ఇంట్లో ఎవరిదో నాటే రోజే నిర్ణయించండి. పిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది. మనం లేని రోజున కూడా ఆ కొమ్మపై ఒక పక్షి వాలి పండు తింటుంది. ఆ పుణ్యం మన కర్మల పత్రంలో చేరాలని ఆశిద్దాం. అల్లాహ్ మనందరి శ్రమను స్వీకరించుగాక! ఆమీన్.