రెండు తాళ్లు

ఆదిలాబాద్‌లో రిపోర్టర్‌గా ఉన్నప్పుడు, పక్కింటి సారు దవాఖానాలో పడ్డారు. ఆయన రెండు కుక్కల్ని ఫజర్ తర్వాత నేనే తిప్పాను. తాళ్లు రెండూ ఒకే చేత్తో పడితే జడలా అల్లుకునేవి. పడుచుది ముందుకు గుంజేది, ముసలిది ప్రతి స్తంభం దగ్గరా ఆగేది. చేతికొకటి పట్టుకుని, ముసలిదాని చాల్‌కి తగ్గట్టు నడవడం అలవాటు చేసుకున్నాను.

కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మీ దర్వాజాలోనే ఆపింది.

"నాపాక్ బేటా! ఫరిష్తాలు ఇంట్లోకి రారు."

"ఇంట్లోకి తేను అమ్మీ. నువ్వు జుమ్మా జుమ్మాకు చదివే సూరా కహఫ్‌లో, గుహ గడపలో కాళ్లు చాచుకున్న కుక్క లేదా?"

జవాబు లేదు. నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడనే లేదు.

ఐదోనాడు గేటు బయట లోటాలో నీళ్లు, ఉతికిన లుంగీ కనిపించాయి. పక్కనే రాత్రి మిగిలిన రొట్టెలు, దూరం దూరంగా రెండు కుప్పలు.

"ఒకటే కుప్ప పెడితే ముసలిదానికి దక్కదు" అంది, కిటికీలోంచి.