రైలీ పొలంలో ఏడు సమాధులు

షెఫీల్డు అనగానే మన వంటి ఇంజనీర్లకు ఉక్కు, చాకులు, రోలింగు మిల్లులు జ్ఞప్తికి వస్తాయి. అక్కడ చదువుకుంటున్న మా అబ్బాయిని చూడటానికి వేసవిలో వెళ్లినప్పుడు మేమూ వాటినే ముందుగా చూడదలచుకున్నాము. మా శ్రీమతికి మాత్రం ఉక్కు మీద మోజు ఎన్నడో తీరిపోయింది. ముప్ఫై ఏళ్లు టౌన్‌షిప్పులో కాపురం చేసిన ఇల్లాలికి అది సహజమే. "ఏదైనా పల్లెటూరు చూపించండి" అన్నది. ఆమె పుట్టినిల్లు రైతు కుటుంబం.

అలా డెర్బీషైరు కొండలలోని ఈమ్ గ్రామానికి బస్సెక్కాము. షెఫీల్డుకు నైరుతి దిశలో దాదాపు 20 కిలోమీటర్లు. సున్నం గాని సిమెంటు గాని లేకుండా రాతిపై రాయి పేర్చి కట్టిన గోడలు, వాటి మధ్య పచ్చిక బయళ్లు, గొర్రెలు. ఆ గోడల పనితనం చూస్తూ మేము చాలాసేపు నిలబడిపోయాము. గ్రామం ముచ్చటగా ఉంది. అయితే ఇళ్ల ముందున్న పలకలు చదవడం మొదలుపెట్టిన తరువాత ముచ్చట అన్న మాట నోట రాలేదు. ఆ ఇంట ఎవరెవరు ఏ తేదీన ప్లేగుతో మరణించారో వాటి మీద వ్రాసి ఉంది.

1665లో లండన్ నుండి ఇక్కడి దర్జీ ఇంటికి ఒక బట్టల మూట వచ్చింది. తేమగా ఉన్న ఆ బట్టను నిప్పు సెగన ఆరవేసిన జార్జి వికార్సు అనే సహాయకుడు సెప్టెంబరు 7న మరణించాడు. బట్టలో వచ్చినవి ఈగలు కావు, దోమలు కావు, ఎలుకల మీద బ్రతికే గోమార్లు. ప్లేగును అవే మోసుకువస్తాయని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగం చేసి చూపించేదాకా, అంటే మరి 233 ఏళ్ల వరకు, లోకానికి తెలియనే తెలియదు.

మరుసటి ఏడాది జూన్‌లో చర్చి గురువు విలియం మాంపెసన్, ఆయనకు పూర్వం ఆ పదవిలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి గ్రామస్థులను ఒప్పించారు. ఊరి పొలిమేర ఎవరూ దాటరాదు. చనిపోయినవారిని శ్మశానానికి తేకుండా ఎవరి పొలంలో, ఎవరి దొడ్డిలో వారే పూడ్చుకోవాలి. చాట్స్‌వర్త్ నుండి డెవన్‌షైరు ప్రభువు ఆహారం పంపించాడు. పొలిమేరలో ఒక రాతికి తొలిచిన గుంటలు నేటికీ ఉన్నాయి. వాటిలో వెనిగర్ పోసి, డబ్బు అందులో వేస్తే పొరుగూరివారు సరుకులు పెట్టి నాణేలు తీసుకుపోయేవారట. ఆ గుంటలలో వ్రేలు పెట్టి చూశాము. వానకు, చేతులకు అంచులు అరిగి నునుపు దేరాయి.

ఊరికి కొంత దూరాన, కొండవాలున రైలీ అనే చోట హాన్‌కాక్ అనే రైతు కుటుంబం ఉండేది. జాన్, ఎలిజబెత్ దంపతులు, వారి పిల్లలు. ఊరికి ఎడంగా ఉన్నందున ఏడాది దాకా వ్యాధి వారి గడప తొక్కలేదు. పొరుగున ఉన్న టాల్బట్ కుటుంబం జులైలో తుడిచిపెట్టుకుపోయింది. తరువాత ఆగస్టు 3 నుండి 10 వరకు, ఎనిమిది రోజులలో, జాన్, ఆరుగురు పిల్లలు మరణించారు. ఏడుగురినీ ఎలిజబెత్ ఒక్కతే పూడ్చిపెట్టింది. శవాన్ని తాకకుండా కాళ్లకు బట్ట కట్టి, పొలంలోకి ఈడ్చుకువెళ్లి, తానే గొయ్యి త్రవ్వేదని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎదుటి కొండ మీద నిలబడి పొరుగూరివారు చూశారు. దిగివచ్చే సాహసం ఎవరూ చేయలేదు. వారిని తప్పు పట్టాలని మాకు అనిపించలేదు.

అక్కడికి నడిచి వెళ్లాము. పొలం మధ్య గుండ్రటి రాతి గోడ, లోపల ఒక పెద్ద సమాధి, ఆరు చిన్న రాళ్లు. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. మా శ్రీమతి రాళ్ల మీది పేర్లను కూడబలుక్కుని చదివింది. విలియం, ఆలిస్, ఆన్... "ఆగస్టంటే ఇక్కడ గడ్డి కోతలూ, పంట కోతలూ కదండీ. పశువులకు ఎవరు నీళ్లు పెట్టారో" అన్నది. మాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

2021 మే నెలలో మా అన్నగారు పోయారు. ఇంటిల్లిపాదీ ఉండి కూడా ఆయనను మేమెవరమూ చూడలేదు. పాడె మోసినవారి పేర్లయినా మాకు తెలియవు. ఆ గోడ ప్రక్కన కూర్చున్నంతసేపు ఆ సంగతి మేమిద్దరమూ ఎత్తుకోలేదు. బస్సులో కూర్చున్నాక ఆమే ఎత్తింది.

ప్లేగు ఆ గ్రామాన్ని 14 నెలలు పట్టుకుని 1666 నవంబరులో వదిలింది. మృతులు 260 మంది అని ఊరి లెక్క. మాంపెసన్ భార్య కేథరిన్ కూడా ఆ ఆగస్టులోనే మరణించింది. ఎలిజబెత్‌కు వ్యాధి సోకలేదు. మిగిలిన ఒక్క కుమారుడు అప్పటికే షెఫీల్డులో పని నేర్చుకుంటున్నాడు. ఆమె పొలం విడిచి అతని వద్దకు వెళ్లిపోయింది.

కథ ఇక్కడ మా వృత్తిలోకి వస్తుంది. 1743 ప్రాంతంలో షెఫీల్డుకు చెందిన థామస్ బోల్సోవర్, రాగినీ వెండినీ కలిపి వేడిచేస్తే అవి ఒకటిగా అతుక్కుంటాయనీ, ఆపై ఎంత సాగగొట్టినా విడివడవనీ కనుగొన్నాడు. ఆయన దానితో బొత్తాములు చేసి ఊరుకున్నాడు. ఆ రేకుతో దీపపు స్తంభాలు, పాత్రలు చేయవచ్చునని గ్రహించి దానిని పెద్ద పరిశ్రమగా మలచినవాడు జోసెఫ్ హాన్‌కాక్. ఇతడు రైలీ హాన్‌కాక్‌ల వంశీకుడని ఈమ్ చరిత్రకారులు వ్రాశారు. 1840 తరువాత విద్యుత్తుతో వెండి పూత వచ్చి ఆ విద్యను మూలకు నెట్టింది.

మరునాడు షెఫీల్డులోని మిలీనియం గ్యాలరీలో లోహ వస్తువుల విభాగం చూశాము. ఎక్కువ వాడకంతో పాత వస్తువుల అంచులలో వెండి అరిగి లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది. రేకు మందం, వెండి పాలు ఎంత అని అబ్బాయికి వివరించబోతుంటే మా శ్రీమతి అద్దానికి దగ్గరగా వంగి, "ఆవిడ ఇవేవీ చూడనేలేదు కదా" అన్నది.