ఒక్కనాటి విదేశయాత్ర

దూరమును మైళ్లతో కొలుచుట ఒక పద్ధతి. కాలముతో కొలుచుట మరియొక పద్ధతి. విమానములు వచ్చిన పిమ్మట ఈ రెండు కొలతలకును పొత్తు కుదురుట లేదు. ఒకప్పుడు మహాసముద్రము నిద్రలోనే దాటిపోవును. మరియొకప్పుడు ఒక్క కిలోమీటరు దాటుటకు పూటంతయు పట్టును. విశాఖపట్టణమునుండి సింగపూరునకు వెళ్లిన ఒక ఉపాధ్యాయునికి ఈ వింత అనుభవములోనికి వచ్చెను.

ఆయన విమానమెక్కుట అదియే మొదలు. పరిచారిక చిరునవ్వుతో ఆసనము చూపెను. నడుమునకు పట్టీ బిగించుకొను విధమును, లైఫ్ జాకెట్టు ధరించు విధమును అభినయించి తెలిపెను. తక్కిన ప్రయాణికులు పెక్కురు తలయెత్తి చూడనైనను లేదు. ఉపాధ్యాయుడు మాత్రము మంచి విద్యార్థివలె శ్రద్ధగా వినెను. అర్ధరాత్రి భోజనపు పళ్లెమును తీసికొనుటకు ఆమె వచ్చినప్పుడు లేచి నమస్కరింపబోగా పట్టీ అడ్డుపడెను, ఇరువురును నవ్విరి. క్రింద బంగాళాఖాతమున్నదన్న మాటయే గాని కంటికి కనబడలేదు. సుమారు నాలుగు గంటలలో సింగపూరు వచ్చెను.

అచటి బంధువుల ఇంట రెండు దినములుండి, మూడవనాడు ఆయన మలేషియాలోని జొహోరు బారు పట్టణమును చూచి సాయంకాలమునకు తిరిగి రాదలచి బయలుదేరెను. సింగపూరు 1965వ సంవత్సరమున మలేషియానుండి విడివడి స్వతంత్రదేశమయ్యెను. రెంటినడుమ ఇరుకైన జలసంధి కలదు. దానిపై 1924లో ప్రారంభింపబడిన కట్ట పొడవు సుమారు ఒక కిలోమీటరు మాత్రమే. అయినను ఈ ఒడ్డున ఒకసారి, ఆ ఒడ్డున ఒకసారి పాస్‌పోర్టు చూపవలసివచ్చెను. ఆనాడు వరుసలో నిలుచుటకే రెండు గంటలు గడచెను.

ఆ నిరీక్షణము వ్యర్థము కాలేదు. తెల్లవారకముందే మలేషియానుండి సింగపూరునకు పనికి వచ్చి, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరు శ్రామికులు వేలకొలది కలరని ప్రక్కనున్నవారు చెప్పిరి. కట్ట వెంబడి పెద్ద నీటిగొట్టములు కనబడెను. 1962నాటి ఒడంబడిక ననుసరించి జొహోరు నదీజలము సింగపూరు ప్రజల దాహము తీర్చుచున్నది. జెండాలు వేరైనను ఇరుగుపొరుగుల అవసరములు వేరు కాలేదని ఆయన గ్రహించెను.

జొహోరు బారులో గాజుముక్కలతో మెరయు రాజకాళియమ్మ ఆలయము కలదు. దాని వెలుపల నిలిచి ఉపాధ్యాయుడు ఫోనులో తన కుమార్తెతో మాటలాడుచుండగా, ఆ తెలుగు విని ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చెను.

“ఏ ఊరు బాబూ మీది?”

“విశాఖపట్టణము, మామ్మగారూ.”

ఆమె కన్నులు చెమర్చెను. “మా తాతయు ఆ రేవుననే ఓడ ఎక్కినాడట. రబ్బరుచెట్లకు గాట్లు పెట్టి పాలు తీయుచు ఇక్కడనే కన్నుమూసినాడు. ఊరిపేరు మా నాయనకు చెప్పినాడు గాని, మా వరకు రాలేదు. నీకెన్ని దినములు పట్టెను బాబూ?”

“నాలుగు గంటలు” అని చెప్పుటకు ఆయనకు నోరాడలేదు. మెల్లగా చెప్పెను.

వృద్ధురాలు నవ్వి, “మంచిదే నాయనా! వచ్చినంత సులువుగా తిరిగి పోగలుగుట భాగ్యము” అనెను.

మలయా తోటలకు తెలుగు కూలీలు వేలకొలది వెళ్లిరి. నైపుణ్యము లేని కూలీలను ఖర్చులిచ్చి మలయాకు పంపుటను 1938లో భారత ప్రభుత్వము నిషేధించెను. అప్పటికే అనేక కుటుంబములు అక్కడనే వేళ్లూనినవి. తిరిగి రాలేనివారి దూరమును ఏ మైలురాయియు చెప్పజాలదు.

నేటి ప్రయాణికునికి రాకపోకలు రెండును సులభమైనవి. కనుక చూచుటలోను, అడుగుటలోను, వినుటలోను అతడు తొందరపడరాదు. వింతలు చూచి వచ్చువారు పెక్కురు. తమకు ముందు ఆ దారిని నడచినవారిని తలచి వచ్చువారు కొందరే. ఆ కొందరికే ప్రయాణము విద్య యగును.