సార్నియా నుంచి తమ్ముడికి

సార్నియా, శనివారం రాత్రి

ఒరేయ్ తమ్ముడూ,

రైలు బాగా ఆలస్యంగా దింపింది. టాక్సీవాడు ఎక్కేటప్పుడు ఒక రేటు చెప్పి, ఇంటి ముందు ఆపాక పెట్టెలకి వేరే ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. డిక్కీ తియ్యనన్నాడు. వీధిలో ఇంకో పురుగు లేదు. నా గొంతు విని వదిన బయటికొచ్చి, మొదట చెప్పిన డబ్బే చేతిలో పెట్టి పంపేసింది. అన్నయ్యకి రిఫైనరీలో రాత్రి షిఫ్టు. వదిన మిరియాల చారు కాచి, వడియాలు వేయించింది. మొదటి ముద్దకే అమ్మ గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి. ఒళ్ళు వెచ్చగా ఉంది, అమ్మకి మాత్రం చెప్పకు.

నయాగరా చూశాను, బాగుంది. నీకు రాయాల్సింది తదుసాక్ గురించి. అక్కడ సగ్నే నది సెయింట్ లారెన్స్‌లో కలిసేచోట అడుగునుంచి చన్నీళ్ళు పైకి తన్నుకొస్తాయి. వాటితోపాటే క్రిల్, చిట్టిరొయ్యల్లాంటివి, లెక్కలేనన్ని. వాటికోసం తిమింగలాలు సముద్రం వదిలి అంత లోపలికొస్తాయి. పడవ ఇంజిన్ తగ్గించగానే ముందు ఊపిరి వినబడింది. తర్వాత ఫిన్ తిమింగలం వీపు నీటిమీద జారడం మొదలెట్టింది, ఎంతసేపటికీ అయిపోదే! నీలి తిమింగలాన్ని మినహాయిస్తే అంత పెద్ద ప్రాణి లేదు. నోటినిండా నీళ్ళు పట్టి, పైదవడకి పళ్ళ బదులు వేలాడే గట్టి పీచులోంచి వడగట్టి, మిగిలిన క్రిల్‌ని మింగుతుంది. నీలి తిమింగలం గుండె లోతుకి మునిగినప్పుడు నిమిషానికి రెండుసార్లే కొట్టుకోవడం 2019లో కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టారు. జ్వరంలో నా నాడి పరుగెడుతోంటే ఇదే తలుచుకుంటూ పడుకున్నాను.

సోమవారం సాయంత్రం

జ్వరం పోయింది, ఎండ కాసింది. వదిన బ్లూ వాటర్ వంతెన కిందికి తీసుకెళ్ళింది. అక్కడ ట్రక్కుల్లో ఆలూ ఫ్రైస్ అమ్ముతారు. జనం వెనిగర్ చల్లుకుంటారు. నేను సంచీలోంచి కారప్పొడి తీశాను, వదిన తన పొట్లం వదిలేసి నా దాంట్లో చెయ్యి పెట్టింది.

ఎదురుగా హ్యూరన్ సరస్సు సెయింట్ క్లెయిర్ నదిగా మారుతుంది, ఓడలు చాలా దగ్గరగా పోతాయి. వెయ్యి అడుగులవి వెలండ్ కాలువ లాకుల్లో పట్టవు కాబట్టి పై సరస్సుల్లోనే తిరుగుతాయి. వాటికన్నా చిన్నవి గోధుమలెత్తుకుని, 1959లో తెరిచిన జలమార్గంలో సముద్రందాకా పోతాయి. అంటే తదుసాక్ ముందునుంచే, నేను చూసిన ఆ తిమింగలం మీదుగానే. అది తట్టాక తినబుద్ధి కాలేదు.

ఆ దారిలో, సెయింట్ లారెన్స్ గల్ఫ్‌లో, రైట్ తిమింగలాలు వేసవిలో మేస్తాయి. ఉత్తర అట్లాంటిక్ మొత్తంలో అవి నాలుగు వందలు కూడా లేవు. నల్లటి ఒళ్ళు, వీపుమీద రెక్క ఉండదు, నోరు తెరిచి పైపైనే మెల్లగా ఈదుతాయి. ఓడలోంచి చూసేవాడికి కనబడటం కష్టం. చూలుతో ఉన్నది శీతాకాలంలో జార్జియా, ఫ్లోరిడా తీరాలకి పోతుంది, మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వెళ్ళినట్టు. ఆనక బిడ్డని వెంటేసుకుని మళ్ళీ ఉత్తరానికి రావాలి. 2017లో ఒక్క ఆ గల్ఫ్‌లోనే 12 చచ్చాయి. కొన్నిటిని ఓడలు గుద్దాయి, కొన్ని పీతల బోనుల తాళ్ళలో చిక్కుకున్నాయి. ఆ ఏడే కెనడా అక్కడ 10 నాట్ల హద్దు పెట్టింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఓడలు తగ్గి ఫండీ బేలో చప్పుడు తగ్గినప్పుడు, వీటి పెంటలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయట. కుక్కలతో వాసన పట్టించి ఏరి, పరీక్ష చేశారు.

2023లో మేఘవరం ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని చూసొచ్చి నువ్వు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఓడ బ్రిడ్జి మీద వాచ్‌లో ఉండేది నువ్వే కదరా. పైవాళ్ళు ఎంత తొందరపెట్టినా, తిమింగలాలున్న నీళ్ళలో వేగం తగ్గిద్దామనే మాట నీ నోట రావాలి. మీ కెప్టెన్‌తో మాట్లాడు.

పెళ్ళిచూపులు నేనొచ్చేదాకా ఆపమను. అమ్మాయి ఫోటో చూసి వదిన, మనవాడికి ఎక్కువే అంది. ఈసారి నీ ఓడ ఏ రేవుకో తెలియగానే రాయి.

అక్క