రేకు పని

సత్తుపల్లిలో మా దుకాణమును జనులు టింకరింగు షెడ్డందురు. గుద్దుకొని సొట్టలు పడిన బండ్లకు మరల మొగము తెచ్చుట మా వృత్తి. జలగం వెంగళరావుగారి పేర నున్న ఓపెన్‌కాస్టు గనినుండి బొగ్గు లారీలును, అశ్వారావుపేట కర్మాగారమునకు పామాయిలు గెలలు మోయు ట్రాక్టర్లును తిరుగు బాటలలో మా కెన్నడును పనికి కొదువ లేదు. ఒకరి నష్టము మాకు కూడని చెప్పుకొనుటకు సిగ్గే గాని, నిజము.

సొట్టను వెనుకనుండి ఒక్క దెబ్బ వేసిన సరిపోవునని చూచువారికి తోచును. అది పొరపాటు. కారు తలుపు రేకు మందము సుమారు 0.7 మిల్లీమీటరు. గుద్దినచోట అది వంగుటయే గాక సాగును. మడత పడినచోట ముదిరి గట్టిపడును. కావున మొదట మడతను విడిపింపవలెను. ఒక ప్రక్క ఇనుప దిమ్మ నానించి, ఉబ్బిన యంచునుండి మెల్లగా కొట్టుకొనుచు రావలెను. సాగిన రేకును చిన్న చుక్కగా ఎఱ్ఱగా కాల్చి తడిగుడ్డ నద్దినచో ముడుచుకొనును. ఆపైన కంటికంటె అరచేయి నమ్మదగినది. పలుచని గుడ్డ నడుమ నుంచి నిమిరినచో కానరాని మిట్టపల్లములు తెలియును. తొందర యెక్కువైన దినములలో సుత్తిపని తగ్గించి లప్పము దట్టముగ పట్టించుటయు గలదు. అది రెండు వానకాలములలో పగిలి మమ్ము తిట్టించెను.

మా అక్కయ్య కుమారుడు 18వ యేట మా యొద్ద చేరెను. వాని చేతికి సుత్తికంటె రంగు గన్ను బాగుగ నమరెను. మేము మురిసి రంగు పనియంతయు వానికే వదలితిమి. మూతికి చేతిరుమాలు కట్టుకొమ్మంటిమి. మా గురువు మాకు చెప్పినదియు నంతే. మూడవ యేట వానికి దగ్గు పట్టుకొనెను. ఆదివారము తగ్గి, సోమవారము మరల వచ్చెడిది. ఒకనాటి సాయంకాలము గోడ కానుకొని, "మామయ్యా, ఊపిరాడట్లేదు" అనెను. ఖమ్మములో వైద్యుడు మొట్టమొదట నడిగినది వాని పని యేమని.

రంగు గట్టిపడుటకు కలుపు ద్రవములో ఐసోసయనేటు లుండును. 1984 డిసెంబరులో భోపాలున వేలమందిని బలిగొన్న వాయువు వీనికి దాయాది; అదియే యిది కాదు. ఒకసారి ఊపిరితిత్తులకు గిట్టకపోయినచో, పిదప ఇసుమంత సోకినను ఆయాసము వచ్చును. చేతిరుమాలు దాని నాపజాలదు. గొట్టముద్వారా బయటి శుభ్రమైన గాలి నందించు ముసుగు కావలెను. దాని వెల విచారించితిమి. అంతకు మిక్కిలిగా వెచ్చించి ముందటి యేడే దుకాణమునకు క్రొత్త బోర్డు చేయించి యుంటిమి.

2023లో కేంద్ర ప్రభుత్వము 18 వృత్తులవారికై విశ్వకర్మ పథకము పెట్టెను. అందు కమ్మరి కలడు, కంసాలి కలడు, మేము లేము. ఆ చిన్నబుచ్చుకొనుట యొకప్పుడు మాకుండెను. ఇప్పుడు మా లోపమే మాకు పెద్దదిగ కనబడుచున్నది.

అక్కయ్య మమ్ము నిందింపలేదు. "తెలిస్తే చేసేవాడివా, తమ్ముడూ?" అని మాత్రమనెను. తెలియదనుట నిజమే. కాని రంగు డబ్బాపై హెచ్చరిక అచ్చై యున్నది. దానిని చదువకయే మేము ఇరువది యేండ్లు మూతలు తీసితిమి.

రంగు పనిని వేరొక గదికి మార్చి, ముసుగు ధరించి ఇప్పుడు మేమే చేయుచున్నాము. వాడా దరికి రాడు. రేకు పని నేర్చుచున్నాడు. మొన్న నొక ట్రాక్టరు మడ్గార్డు సొట్టను లప్పము లేకుండనే తీసి, మా చేయి పట్టుకొని దానిపై నిమిరించెను.