వైన్‌గంగ నీళ్ళు

భద్రాచలంలో మా అమ్మమ్మ ఇంటి పెరట్లో రెండు వెదురు బొంగులు జోడించి కట్టిన యాంటెన్నా ఉండేది. వెదురుకు ఆ ఊళ్ళో కొదవలేదు. సారపాక కాగితం మిల్లుకు పోయే లారీల నిండా అదే. గోదారి గాలి గట్టిగా వీస్తే బొంగు తిరిగిపోయేది, ఇంట్లో టీవీలో బొమ్మ పోయేది. 1993లో ఆదివారం పొద్దున్నే పెరట్లో ఆ బొంగు పట్టుకుని నిలబడడం నా వంతు. "వచ్చిందా?" అని నేను, "ఇంకొంచెం రాజమండ్రి వైపు తిప్పు" అని లోపలినుంచి అన్నయ్య.

ఆ వేళకు దూరదర్శన్‌లో జంగిల్ బుక్ అనే బొమ్మల సీరియల్ వచ్చేది. దాని పాట గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు. హిందీ రాని మాకు అందులో తెలిసిన మాట చడ్డీ ఒక్కటే అయినా, వీధి పిల్లలమంతా గొంతు చించుకుని పాడేవాళ్ళం. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. షేర్‌ఖాన్ ఒంటి మీది చారలూ, తెర మీద పడే గీతలూ కలిసిపోయి పులి ఎక్కడుందో కనబడేది కాదు. గొంతు మాత్రం వినబడేది. ఆ గొంతు నానా పాటేకర్‌దని పెద్దయ్యాక తెలిసింది. కనబడని పులి గొంతు ఎంత భయపెడుతుందో నాకు ఇప్పటికీ గుర్తే. తోడేళ్ళు పెంచిన పిల్లవాడు మౌగ్లీ వెంట తిరిగే కిచీ అనే చిన్న జంతువు ఎర్రటిదనీ, దాన్ని రెడ్ పాండా అంటారనీ కూడా చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మాకు కథ చెప్పింది అమ్మమ్మ. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. చాట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తెర మీద నోళ్ళు కదులుతుంటే తెలుగులో మాటలు పెట్టేది. తల్లితోడేలు ఆమె నోట మౌగ్లీని "నా తండ్రీ" అని పిలిచేది. చిరుత బఘీరా మేనమామ. "ఏరా అల్లుడూ, మళ్ళీ ఎక్కడికి బయల్దేరావు?" అనేవాడు. ఎలుగు భాలూ మా బళ్ళో పంతులుగారిలా "ఒరేయ్, మొదటినుంచీ చెప్పు" అనేవాడు. ఇక కొండచిలువ కా తెర మీదికి వచ్చిందంటే ఆమె చాట పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించేది. ఏటా నాగులచవితికి పుట్టలో పాలుపోసే మనిషి మరి. కా ఆమె నోట నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో "బాబూ" అనే మాట్లాడేది.

మాతోపాటు గిరిజన హాస్టల్ నుంచి ఒక కోయ అబ్బాయి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. భాలూను చూసి మేమంతా ముచ్చటపడుతుంటే అతను మాత్రం నవ్వేవాడు కాదు. "పులి మన అలికిడి వింటే తప్పుకుంటుంది. ఎలుగు అట్లా కాదు, ముఖం మీదికే వస్తుంది. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారకుండా మా అమ్మను చెట్టు కిందికి పోనివ్వరు" అన్నాడు ఒకసారి. అమ్మమ్మ రాళ్ళు ఏరడం ఆపి, "అందుకే నాయనా, దాన్ని పంతుల్ని చేసి కూర్చోబెట్టారు" అంది. ఆ మాటకు ఆ అబ్బాయి మొదటిసారి నవ్వాడు.

ఆ బొమ్మలు జపాన్‌లో గీశారని నాకు డిగ్రీలో తెలిసింది. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ, ఫుమియో కురోకావా దర్శకత్వంలో, 1989, 90లలో 52 భాగాలుగా తీసింది. మూలం కిప్లింగ్ రాసిన రెండు పుస్తకాలు, 1894లో ఒకటి, ఆ మరుసటేడు రెండోది. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ వాటిని రాసింది అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్‌లో. మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవుల సంగతులు ఆయనకు చాలావరకు స్టెర్న్‌డేల్ అనే మరో ఇంగ్లీషాయన పుస్తకం నుంచి అందాయి. అంటే మన అడవి ఇంగ్లీషులోకి పోయి, జపాన్ గీతల్లోకి పోయి, బొంబాయి హిందీలోకి వచ్చి, చివరికి మా అమ్మమ్మ చాట దగ్గర తెలుగైంది.

డిస్నీవాళ్ళు 1967లో తీసిన సినిమా కూడా తర్వాత చూశాను. ఆటపాటలతో హుషారుగా సాగే 78 నిమిషాల సినిమా. అందరూ మెచ్చినదే. నాకు మాత్రం మనసు విరిగింది. పుస్తకంలో కోతుల చెర నుంచి మౌగ్లీని విడిపించే కా, అక్కడ కళ్ళు తిప్పి పిల్లవాణ్ణి మింగబోయే దొంగపాము. అడవి కట్టుబాట్లు నేర్పే గురువు భాలూ అక్కడ సోమరి. జపాన్‌వాళ్ళూ మార్పులు తక్కువేం చేయలేదు. కిచీని చేర్చారు, మౌగ్లీ చేతికి బూమరాంగ్ ఇచ్చారు. మా అన్నయ్య వడ్రంగి కాళ్ళావేళ్ళా పడి అలాంటి వంకర చెక్క చెక్కించుకున్నాడు కూడా. అయినా వాళ్ళు పాముకు పెద్దరికం ఉంచారు, ఎలుగుకు గురుత్వం ఉంచారు. చావును దాచలేదు. అడవివాడూ ఊరివాడూ కాని పిల్లవాడి దిగులుకు 52 వారాలు ఇచ్చారు. పిల్లల పుస్తకాన్ని తెరకెక్కించేవాళ్ళు ఏం మార్చినా నేను తప్పుపట్టను. పిల్లలకు ఇంత బరువు తట్టుకునే శక్తి లేదనుకుంటే మాత్రం తప్పుపడతాను.

ఆ పుస్తకాలు ఇంగ్లీషులో చదివింది హైదరాబాద్‌లో, ఉద్యోగంలో చేరాక. రెండో పుస్తకం మొదట్లోనే కరువు వస్తుంది. నది ఎండి నడుమ ఒక బండ బయటపడుతుంది. అది కనబడినన్నాళ్ళూ రేవు దగ్గర ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. పులీ జింకా ఒకే రేవులో నీళ్ళు తాగాలి. చదువుతుంటే భద్రాచలం వేసవి కళ్ళముందు నిలిచింది. మేమూ నదిని చూసే రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళమే. వరదల్లో గోదారి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినప్పుడు అమ్మమ్మ నన్ను చంకనేసుకుని మెరక మీదికి పోయిందట. వేసవిలో అదే నది ఇసుక తిన్నెల మధ్య నాలుగు పాయలై పడుండేది.

పుస్తకంలో ఆ నది పేరు చూసి లేచి అట్లాసు తీశాను. వైన్‌గంగ. సియోనీ దగ్గర పుట్టి, మహారాష్ట్రలోకి దిగి, తుమ్మిడిహట్టి దగ్గర వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. కాళేశ్వరం దగ్గర గోదారిలో కలుస్తుంది. నా వేలు ఆ నీలిగీత వెంట కిందికి జారి భద్రాచలం మీద ఆగింది.

అమ్మమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. ఈ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు నా కూతుర్ని కాళేశ్వరం తీసుకుపోయి, రెండు నదులూ కలిసేచోట మోకాలి లోతులో నిలబెట్టి చెప్పాను. మౌగ్లీ ఈదిన నది ఇదేనని, ఇక్కణ్ణించి ఈ నీళ్ళు భద్రాచలంలో మా అమ్మమ్మ బట్టలుతికిన రేవుకు పోతాయని.