రైలా, విమానమా?

ఐరోపాలో బిడ్డలున్న తల్లులు నేడు మన తెలుగునాట వీధివీధికిని కలరు. కూతురి పురిటికనియో, మనుమల సంరక్షణకనియో మూడు నెలల వీసాపై పోయినవారికి అక్కడ ఒక నగరమునుండి మరియొక నగరమునకు పోవలసిన పని తరచుగా తగులుచుండును. అప్పుడు రైలెక్కుదుమా, విమానమెక్కుదుమా యని తర్కింతురు. మేమును తర్కించితిమి, తర్కములో పొరపడితిమి. ఆ పొరపాటు టికెట్టు డబ్బులతో తీరినది కాదు. కావుననే యిది వ్రాయుచున్నాము.

2025వ సంవత్సరము వేసవి సెలవులలో మా చెల్లెలి పురిటికై మేమును, 69 ఏండ్ల మా అమ్మగారును జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోయితిమి. మా అమ్మగారికి ఒక్కడే తమ్ముడు. ఆయన పారిసు నగరమున ముప్పదియేండ్లుగా కాపురమున్నారు. మేము చేరిన మూడు వారములకు ఆయన గుండెకు శస్త్రచికిత్స చేయ నిశ్చయించిరి. బుధవారము తెల్లవారుజామున లోనికి కొనిపోవుదురు. మంగళవారము రాత్రి 8 గంటలవరకు బంధువులు చూడవచ్చును. "లోపలికి తీసుకెళ్లకముందు వాణ్ణి ఒక్కసారి చూస్తే చాలమ్మా" అని మా అమ్మగారు పదేపదే అనుచుండిరి. ఆయనయు ఫోనులో, "అక్కా, చింతకాయ పచ్చడి తెచ్చావా? వేలితో నాకనిస్తే చాలు" అని పరిహాసమాడెను. మనదేశమునుండి తెచ్చిన పచ్చడిలో చిన్న సీసాడు ఆయనకై మిగిల్చియుంటిమి.

రైలున నాలుగు గంటలు, విమానమున గంటంబావు. ఇంత స్పష్టమైన లెక్కకు పంతులెందుకని విమానమునకే టికెట్లు కొంటిమి. అప్పటికప్పుడు కొనుటచే విమానము కొంత చౌకగా కూడ దొరికెను. చెల్లెలిని, పసికందును విడిచి మరిదిగారు కదలరాదు గనుక ఆడవారమిద్దరమే బయలుదేరితిమి.

4 గంటల విమానమునకు ఇంటినుండి పన్నెండున్నరకే కదలితిమి. తనిఖీచోట మా అమ్మగారి గాజులకు యంత్రము కూసెను. ఆమె బెదరి నిలిచిపోయిరి. తరువాత సంచి విప్పించిరి. ద్రవములు, ముద్దలు చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించరాదన్న కట్టడి ఐరోపాలో 2006లో వచ్చినది. చింతకాయ పచ్చడి ముద్దయే గదా! ఆ యుద్యోగి మర్యాదగానే సీసాను తీసి ప్రక్కనున్న తొట్టిలో వేసెను. మా అమ్మగారు ఏమియు అనలేదు. తొట్టివంక ఒకమారు చూచి కొంగు సవరించుకొనిరి.

పిమ్మట ఉరుములు, మెరుపులు. విమానము రెండు గంటలు కదలలేదు. ద్వారము మారినదని చెప్పినమాట చెవి మందమైన మా అమ్మగారికి వినబడలేదు, మాకు అర్థము కాలేదు. ఇందులో ఎవరి దోషమును లేదు. పారిసు విమానాశ్రయము నగరమునకు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. అక్కడ దిగి, నడచి, నగరపు రైలు పట్టుకొని ఆస్పత్రి గుమ్మము చేరుసరికి రాత్రి 9 గంటలు దాటినది. లోనికి రానీయలేదు. ఆ రాత్రి మేనమామగారి యింట మా అమ్మగారు మంచముపై కూర్చుండియే తెల్లవారించిరి.

భగవంతుని దయవలన ఆయన కోలుకొనిరి. కాని లోనికి పోవునపుడు అక్క కనబడలేదన్న మాట ఆయన తరువాత ఒకమారు అనిరి. అది మా చెవులలో నుండిపోయినది.

మావారు ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పుదురు. సంగతి విని, "పిల్లలు చేయు తప్పే మీరును చేసితిరి. లెక్క ఎక్కడినుండి మొదలగునో చూడలేదు. విమానము లేచినప్పటినుండి కాదు, గడప దాటినప్పటినుండి లెక్కింపవలెను" అనిరి. ఆయన చెప్పినట్లు లెక్కించి చూచితిమి. పన్నెండున్నరకే యిల్లు కదలి ఒంటిగంట ప్రాంతపు రైలెక్కినచో 5 గంటలకు పారిసు నడిబొడ్డున దిగియుందుము. ఆరింటికి మేనమామగారి మంచమువద్ద నుందుము. పచ్చడియు మాతో నుండెడిది. గాలివాన లేకున్నను విమానమునకు ఏడుంబావు అయ్యెడిది.

ఈ గడప లెక్క అక్కడి ప్రభుత్వములకును తెలిసినదే. రైలు రెండున్నర గంటలలోపల చేర్చగల చోట్లకు విమానములు నడపరాదని ఫ్రాన్సువారు 2023లో కట్టడి చేసి, పారిసునందలి ఓర్లీ విమానాశ్రయమునుండి లియాన్, నాంత్, బోర్డో నగరములకు పోవు విమానములను నిలిపిరి. స్పెయిను దేశమున మాడ్రిడ్, బార్సెలోనాల నడుమ 600 కిలోమీటర్లకు పైబడిన దూరమును 2008లో వచ్చిన వేగపు రైలు రెండున్నర గంటలలో దాటుచున్నది. పారిసు నుండి లండనుకు సముద్రము క్రిందుగా 1994లో తెరచిన సొరంగముగుండా రెండుంబావు గంటలు చాలును. అయితే అక్కడ పాస్‌పోర్టు తనిఖీలు రైలెక్కకముందే జరుగును గనుక గంటకు పైగా ముందుండవలెను. ఫ్రాన్సు, జర్మనీలకు చెల్లు వీసా బ్రిటనుకు చెల్లదు. దానికి వేరే వీసా కావలెను.

రైలును మితిమీరి పొగడుట మా యభిమతము కాదు. జర్మనీ దూరపు రైళ్లలో 2024లో వేళకు చేరినవి నూటికి 62 మాత్రమే. గంట ఆలస్యమైనచో టికెట్టు వెలలో నాల్గవవంతు, రెండు గంటలైనచో సగము తిరిగి యిచ్చుట అక్కడి చట్టము. పెట్టెలను మనమే ఎక్కించుకొనవలెను, కూలివారుండరు. మోకాళ్ల నొప్పులవారికి విమానాశ్రయపు చక్రాల కుర్చీ యెంతో మేలు. రైలువద్దను అట్టి సాయము కలదు గాని రెండిటికిని ముందుగా చెప్పుకొనవలెను. కొన్ని రైళ్లకు రెండంతస్తులుండును. క్రింది యంతస్తే కావలెనని టికెట్టు కొనునపుడే కోరుకొనుడు. ఫ్రాంక్‌ఫర్టు నుండి రోముకో, లిస్బనుకో పోవలసినచో పెద్దవారిని రైళ్లు మార్పించి హింసింపక విమానమే యెక్కుట మేలు.

ఇరువది దినములకు తిరుగు ప్రయాణము రైలున చేసితిమి. మేనమామగారు కర్రపోటుతో స్టేషనుకు వచ్చిరి. రైలుకు ముప్పావుగంట ముందు చేరితిమేమో, అందులో అరగంట అక్కాతమ్ములిద్దరును ఒక బల్లపై కూర్చుండిరి. ఏమి మాటలాడుకొనిరో మేము దగ్గరకు పోలేదు.

రైలు గంటకు 320 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నను పెరుగన్నము గిన్నె తొణకలేదు. రామచంద్రుడు లంకనుండి పుష్పకముపై వచ్చుచు క్రిందనున్న చోట్లన్నియు సీతమ్మకు చూపెనని విందుము గదా. పోవునపుడు మా విమానమునుండి మబ్బులు తప్ప మరేమియు కనబడలేదు. ఈ కిటికీనుండి ఆవులు, గోధుమచేలు, చర్చి గోపురములు చూచుచు మా అమ్మగారు మొదటిసారి ఆ దేశమును గూర్చి ప్రశ్నలడిగిరి. స్ట్రాస్‌బర్గు దాటగానే రైను నది వచ్చెను. ఆమె తటాలున లేచి సంచిలోనుండి రూపాయి బిళ్ల తీసిరి. ఆ కిటికీ తెరచుకొనునది కాదు. బిళ్లను కన్నులకద్దుకొని మరల సంచిలో వేసికొనిరి. వంతెన ఆవలి యొడ్డు జర్మనీ. పోలీసులు వచ్చి పాస్‌పోర్టులు చూచి, నమస్కరించి పోయిరి.

జూన్ నెలలో స్వదేశము చేరి, హైదరాబాదునుండి మా యూరికి పోవు రైలు రాజమహేంద్రవరము వంతెన యెక్కగానే మా అమ్మగారు ఆ రూపాయిని, దానితో మరియొక రూపాయిని గోదావరిలో విడిచిరి. రెండవది ఎవరిదని మేమడుగలేదు.